ఆఫీసు కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడకపోతే

గత రంజాన్ చివరి పది రోజుల్లో మా ఆఫీసుకు వచ్చిన దాతల్లో చాలామంది రసీదు కోసం అరగంట, ముప్పావుగంట కూర్చోవలసి వచ్చింది. కొందరు విసుక్కున్నారు, ఎక్కువమంది ఓర్చుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బేటా, పోయినేడు ఒక్క కంప్యూటర్‌తో ఐదు నిమిషాల్లో రసీదు ఇచ్చారు. ఈ ఏడు మూడు పెట్టుకుని అరగంట కూర్చోబెడుతున్నారు. ఇదేం లెక్క?" అని అడిగారు. ఆ రోజు ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం.

ఇది సంజాయిషీ మాత్రమే అయితే సావనీరులో ఇంత చోటు అడిగేవాళ్ళం కాదు. మన దాతల్లో వ్యాపారస్తులు ఎందరో ఉన్నారు. గల్లా దగ్గర ఒక కంప్యూటర్, గోడౌన్‌లో ఒకటి, లెక్కలు రాసే అబ్బాయి ముందు ఒకటి పెట్టుకుని మూడింటికీ ఒకే ఫోల్డర్ వాడుకుంటూ ఉంటారు. మాకు జరిగింది మీకూ జరగవచ్చు. పైగా ఆ గందరగోళంలో మీ పేర్లకు, మన దగ్గర సాయం తీసుకునే కుటుంబాల పేర్లకు సంబంధించిన పొరపాటు ఒకటి మా వల్ల జరిగింది. అది మీకు చెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది.

ముందు మా ఏర్పాటు చెబుతాం. లోపలి గదిలో అకౌంట్ల కంప్యూటర్ ఉంది. అందులో ఒక పెద్ద ఫోల్డర్. రసీదుల లెక్క, జకాత్ జమాఖర్చులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, నెలనెలా రేషన్ అందుకునే ఇళ్ళ జాబితా, ఆపరేషన్‌కు సాయం అడిగినవారి వైద్య కాగితాల స్కాన్లు, అన్నీ అందులోనే. ముందు గదిలో రసీదులు రాసే కంప్యూటర్ వైరుతో రౌటర్‌కు కలిసి ఉంది. మూడోది ఒక దాత నిరుడు ఇచ్చిన కొత్త కంప్యూటర్, విండోస్ 11 ది. దాని బల్ల దాకా వైరు రాకపోవడంతో ఒక చిన్న రౌటర్ కొని, పాత రౌటర్‌కు తగిలించి, దాని వైఫైతో కొత్తదాన్ని కలిపాం. మేడ మీద పిల్లలకు కంప్యూటర్ క్లాసు నడుస్తుంది. అక్కడి కంప్యూటర్లు కూడా పాత రౌటర్ మీదే ఉన్నాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను మిగిలినవి తమ సొంతదన్నట్టు తెరవడాన్నే షేరింగ్ అంటున్నాం. విండోస్ కంప్యూటర్లు ఈ పని కోసం తమలో తాము మాట్లాడుకునే భాష పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది, తర్వాత మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. యూనిక్స్ తరహా యంత్రాలకు ఇదే భాష నేర్పే పని ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ అనే ఆయన 1990ల మొదట్లో మొదలుపెట్టారు. ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరసలో వచ్చే మాట కోసం డిక్షనరీ గాలిస్తే సాంబా అన్నది దొరికిందట, దానికే ఆ పేరు పెట్టారు. తెలుగువాడై ఉంటే సాంబారు అనేవాడేమో.

ఆ రోజు ఏం చేశాం

కొత్త కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అని ఉన్నచోట నొక్కితే అకౌంట్ల కంప్యూటర్ పేరు కనబడలేదు. జనం వస్తున్నారు, మాకు తొందర. ఒక మెకానిక్‌ను పిలిపించాం. ఆయన పదిహేను నిమిషాల్లో నాలుగు పనులు చేశారు. అకౌంట్ల కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ ఆపేశారు. పాస్‌వర్డ్ అడగకుండా చేశారు. ఫోల్డర్‌కు ఎవ్రీవన్, అంటే అందరికీ, పూర్తి హక్కు ఇచ్చారు. అయినా కొత్త కంప్యూటర్ తెరవనంది. పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా వెళ్ళడాన్ని విండోస్ 11 ప్రో 24హెచ్2 విడుదల నుంచి తనంతట తానే నిరాకరిస్తుంది. అది దాని జాగ్రత్త. ఆయన ఆ జాగ్రత్తను కూడా తీసేసి, పేరుతో కాకుండా అంకెల చిరునామా కొట్టి ఫోల్డర్ తెరిచి చూపించారు. మేమూ సంతోషించి డబ్బులిచ్చి పంపాం.

ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. "ఎలాగైనా తెరిపించండి" అన్నది మేమే.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. కరెంటు పోయి వచ్చింది. రౌటర్ మళ్ళీ మొదలై అకౌంట్ల కంప్యూటర్‌కు వేరే అంకె ఇచ్చింది. మిగిలిన రెండూ పాత అంకె దగ్గరే తలుపు తడుతూ కూర్చున్నాయి. దాన్ని సరిచేస్తే ఇంకో తంటా వచ్చింది. రసీదుల లెక్క ఒకే ఎక్సెల్ ఫైలు కావడంతో ఒకరు తెరిచి ఉంటే రెండోవారికి చదవడానికే తప్ప రాయడానికి రాలేదు. పెద్దాయన అడిగిన లెక్కకు జవాబు ఇదే. ఒక్క కంప్యూటర్ ఉన్నప్పుడు పంచుకోవలసిన అవసరమే లేదు. మూడు పెట్టినప్పుడు పంచుకోవడం ఎలాగో ముందు నేర్చుకోవాలి, మేము నేర్చుకోలేదు.

ఐదో రోజు సాయంత్రం మేడ మీద క్లాసుకు వచ్చే ఒక అమ్మాయి కిందికి దిగి వచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, మెల్లగా చెప్పింది. "చాచా, పైన కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అని నొక్కితే మీ ఫోల్డర్ తెరుచుకుంటోంది. పాస్‌వర్డ్ కూడా అడగడం లేదు. రేషన్ లిస్టులో మా ఖాలా పేరుంది. ఆమె ఇక్కడికి వస్తున్నట్టు మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

మాకు నోట మాట రాలేదు. అడిగి పుచ్చుకోవడానికి సిగ్గుపడి, చీకటి పడ్డాక వచ్చి సంచి తీసుకువెళ్ళేవారు మన జాబితాలో ఉన్నారు. వాళ్ళ పేర్లు మన దగ్గర ఉన్న అమానత్. వాటిని ఐదు రోజులపాటు మేడ మీద పిల్లలందరి ముందూ పరిచిపెట్టాం. ఆ రాత్రే అకౌంట్ల కంప్యూటర్ వైరు పీకేశాం. మిగిలిన రంజాన్ అంతా రసీదులు పాతకాలపు పుస్తకంలో చేత్తో రాశాం. నిజం చెప్పాలంటే అప్పుడే పని తొందరగా సాగింది.

దారి లేదా, తలుపు మూసి ఉందా?

ఈద్ తర్వాత మన దాతల్లోనే ఒకరి కుమారుడు, నెట్‌వర్కుల పని తెలిసినవాడు, రెండు సాయంత్రాలు మాతో కూర్చున్నాడు. అతను మొదట అడిగింది, "తెర మీద ఏమని వచ్చింది?" అని. మాలో ఒక్కరికీ గుర్తులేదు. ఎర్ర గుర్తు కనబడగానే మూసేశాం. అసలు కిటుకంతా అక్కడే ఉందన్నాడు. నెట్‌వర్క్ పాత్ దొరకలేదని, 80070035 అన్న అంకెతో, వస్తే అవతలి ఇంటికి దారే దొరకలేదని అర్థం. యాక్సెస్ డినైడ్ అనిగానీ, పేరు, పాస్‌వర్డ్ తప్పనిగానీ వస్తే దారి బాగానే ఉంది, ఇల్లు చేరాం, తలుపు తీయలేదని అర్థం. మొదటి రకానికి పాస్‌వర్డ్‌లు మార్చి లాభం లేదు. రెండో రకానికి వైర్లు పీకి లాభం లేదు. తెర మీది మాటలు ఫోనుతో ఫొటో తీసి ఉంచుకుంటే సగం పని అయినట్టే.

దారి సంగతి ముందు చూద్దాం. అవతలి కంప్యూటర్ నిద్రపోతోందేమో చూడండి. నవ్వకండి, చాలాసార్లు ఇదే. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తనంతట తాను నిద్రపోయేలా కంప్యూటర్ సెట్టింగ్ ఉంటుంది. ఫోల్డర్ ఉన్నదానికి ఆ సెట్టింగ్ తీసేయాలి. వైరు గుచ్చినచోట చిన్న దీపం వెలుగుతోందా అన్నది తర్వాత.

ఆ తర్వాత అంకె. నల్ల తెర, అంటే కమాండ్ ప్రాంప్ట్, తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే ఆ కంప్యూటర్ చిరునామా అంకెల్లో వస్తుంది. రెండింటిలోనూ చూసి కాగితం మీద రాసుకోండి. 169.254 తో మొదలైతే రౌటర్ నుంచి అంకె అందలేదు, అది తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు వైరు, రౌటర్ చూసుకోవాలి. మామూలుగా ఇళ్ళలో, దుకాణాల్లో 192.168 తో మొదలవుతుంది. మూడో అంకె రెండింట్లోనూ ఒకటేనా అన్నది చూడండి. మా జబ్బు అక్కడే దొరికింది. అకౌంట్ల కంప్యూటర్ 192.168.1 వీధిలో ఉంది, కొత్తది 192.168.0 వీధిలో ఉంది. మేము తగిలించిన చిన్న రౌటర్ తన వెనక వేరే వీధి కట్టుకుంది.

ఇలాంటిచోట ఒక విచిత్రం జరుగుతుంది. చిన్న రౌటర్ వెనక ఉన్న కంప్యూటర్ బయటికి వెళ్ళగలదు, బయటివాళ్ళు దాని దగ్గరికి రాలేరు. ఇక "ఎవరెవరున్నారు?" అని కేక వేసి కనుక్కునే పద్ధతి ఒక వీధి కేక ఇంకో వీధికి వినబడదు కాబట్టి పనిచేయదు. అందుకే నెట్‌వర్క్ జాబితాలో పేరు రాలేదు. కానీ అంకెల చిరునామా సూటిగా కొడితే వెళ్ళింది. వెనక్కి వాలిన గీతలు రెండు, వెంటనే అంకె, అంతే. అంటే ఆ రోజు అంకె కొట్టి, సరైన పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే చాలు, ఫోల్డర్ తెరుచుకునేది. ఫైర్‌వాల్ ఆపడం, పాస్‌వర్డ్ తీసేయడం, అందరికీ హక్కివ్వడం, వీటిలో ఒక్కటీ అవసరం లేదు. నాలుగు మార్పులు ఒకేసారి చేయడంతో ఏది పనిచేసిందో మాకు తెలియలేదు, ఏది వెనక్కి తీసుకోవాలో అంతకన్నా తెలియలేదు. ఒక మార్పు చేసి, చూసి, పని కాకపోతే దాన్ని వెనక్కి పెట్టి, అప్పుడు రెండోదానికి వెళ్ళాలని ఆ అబ్బాయి మా చేత నోట్‌బుక్ పెట్టించాడు.

చిన్న రౌటర్‌ను ఏం చేశామంటే, పాతదాని నుంచి వచ్చే వైరును దాని వాన్ అన్న రంధ్రం నుంచి తీసి లాన్ అన్న రంధ్రంలో గుచ్చాం. దానికి 1 వీధిలోనే ఎవరూ వాడని అంకె ఒకటి ఇచ్చి, అంకెలు పంచే పని, డీహెచ్‌సీపీ అంటారు, దానిలో ఆపేశాం. ఇప్పుడది వీధి కట్టదు, దారి మాత్రం పొడిగిస్తుంది. అకౌంట్ల కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే అంకె ఇవ్వమని పాత రౌటర్‌లో రాసిపెట్టాం. కరెంటు ఎన్నిసార్లు పోయినా చిరునామా మారడం లేదు. దుకాణాల్లో "నిన్నటిదాకా వచ్చింది, ఈ రోజు రావడం లేదు" అనేవారు ముందు ఇది చూసుకోండి.

పింగ్ అని కొట్టి అంకె వేస్తే అవతలి నుంచి జవాబు వస్తుందో లేదో తెలుస్తుంది. వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే మాత్రం దారి లేదని తేల్చేయకండి, ఫైర్‌వాల్ ఆ పలకరింపుకు జవాబివ్వకుండా ఊరుకుని ఉండవచ్చు. అంకెతో ఫోల్డర్ తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే లోపం దారిలో లేదు, పేరు కనుక్కోవడంలో ఉంది. పని ఆగకుండా అంకెతో నడుపుకుంటూ తీరిగ్గా చూసుకోవచ్చు.

విండోస్ ప్రతి నెట్‌వర్క్‌ను పబ్లిక్ అనో ప్రైవేట్ అనో రాసుకుంటుంది. రైల్వే స్టేషన్ వైఫై పబ్లిక్, అక్కడ ఎవరికీ కనబడకుండా ముసుగు వేసుకుంటుంది. మన ఆఫీసు ప్రైవేట్. కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి కలిపినప్పుడు చాలావరకు పబ్లిక్ అనే పడుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్ అని మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అన్న రెండూ ఆన్ చేస్తే ఫైర్‌వాల్ తనంతట తానే కావలసిన కిటికీ మాత్రం తెరుస్తుంది. గోడే పడగొట్టనక్కర్లేదు.

తలుపు దగ్గర చిక్కులు

ఇక్కడ అందరినీ తిప్పలు పెట్టేది పిన్. రోజూ పొద్దున్నే నాలుగంకెలు కొట్టి కంప్యూటర్ తెరుస్తాం కదా, అవతలి కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగితే అదే కొడతాం. పనిచేయదు. పిన్ అన్నది ఆ ఒక్క యంత్రానికే చెల్లే తాళం. నెట్‌వర్క్ మీద వెళ్ళేవారికి అసలు ఖాతా పాస్‌వర్డ్ కావాలి. అది ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటాం. పాస్‌వర్డే లేని ఖాతా అయితే ఆ యంత్రం ముందు కూర్చున్నవారికి చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద వచ్చేవారిని విండోస్ ఆ ఖాతాతో రానివ్వదు. దీనికి మేము చేసిన ఉపాయం చిన్నది. అకౌంట్ల కంప్యూటర్‌లో రసీదుల బల్లకు ఒక ఖాతా, కొత్త బల్లకు ఒక ఖాతా కొత్తగా తెరిచి గట్టి పాస్‌వర్డ్‌లు పెట్టాం. ఎవరి సొంత ఈమెయిల్‌తోనూ వాటికి సంబంధం లేదు. పనిచేసేవారు మారితే పాస్‌వర్డ్ మారుస్తాం.

పాస్‌వర్డ్ మార్చాక కూడా తెరవనంటే పాతది ఎక్కడో దాచి ఉందన్నమాట. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అన్నచోట పాత పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. అవి తీసేసి మళ్ళీ ప్రయత్నించాలి.

హక్కులు రెండుచోట్ల ఉంటాయన్నది మాకు తెలియని సంగతి. ఫోల్డర్ మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే షేరింగ్ అని ఒకటి, సెక్యూరిటీ అని ఒకటి కనబడతాయి. నెట్‌వర్క్ మీద వచ్చేవారికి రెండూ వర్తిస్తాయి, రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అది చెల్లుతుంది. ఒకచోట పూర్తి హక్కు ఇచ్చి రెండోచోట మరిచిపోతే తలుపు తీయదు. అప్పుడే విసుగొచ్చి రెండుచోట్లా ఎవ్రీవన్ అని పెట్టేస్తాం. ఆ విసుగు ఖరీదు ఎంతో మాకు తెలిసింది. ఇప్పుడు ఒక్క పెద్ద ఫోల్డర్‌ను మూడుగా విడగొట్టాం. రసీదులు వేరు. స్కాలర్‌షిప్ వేరు. సాయం పొందే ఇళ్ళ జాబితా, వైద్య కాగితాలు వేరు, అవి షేరింగ్‌లోనే లేవు, లోపలి గదిలో కూర్చున్నవారే తెరవగలరు. మేడ మీద క్లాసుకు రౌటర్‌లో గెస్ట్ వైఫై తెరిచి, వైర్లు తీసేశాం. దాని మీద ఉన్నవారికి ఇంటర్నెట్ వస్తుంది, ఆఫీసు కంప్యూటర్లు కనబడవు. వ్యక్తుల వివరాలు దగ్గర పెట్టుకునేవారి బాధ్యత గురించి 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చేసింది. చట్టం లేకపోయినా ఆ అమ్మాయి ముందు మేము దోషులమే.

షేరింగ్ జబ్బులు కానివి కూడా కొన్ని దాని ఖాతాలో పడుతుంటాయి. కొత్త కంప్యూటర్‌లో మన పాత తెలుగు ఉత్తరాలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వచ్చాయి. ఫైలు చెడలేదు. అవి అను ఫాంట్లలో కొట్టినవి, కొత్తదానిలో ఆ ఫాంట్లు లేవు. యూనికోడ్‌లో కొట్టినవి ఎక్కడైనా తెరుచుకుంటాయి. ఉర్దూ ఇన్‌పేజ్ ఫైళ్ళ సంగతీ అంతే, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నచోటే తెరవాలి.

ఇంకొకటి, నష్టం జరిగాక తెలిసేది. నెట్‌వర్క్ మీద నుంచి అవతలి ఫోల్డర్‌లోని ఫైలు తుడిచేస్తే మామూలుగా అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, పోయినట్టే. కాబట్టి ప్రతి జుమా ముందు ఒక బయటి డిస్క్‌లోకి అంతా కాపీ చేసి, డిస్క్ ఊడదీసి, తాళం వేసి, ఒక కమిటీ సభ్యుడి ఇంట్లో ఉంచుతున్నాం. ఊడదీయడం ముఖ్యం. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే దాడి దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు విభాగాల కంప్యూటర్లకూ తగిలింది. అది ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకిన దారి ఈ షేరింగ్ దారే, ఎస్ఎంబీ పాత రూపమైన ఎస్ఎంబీ1 లోని లోపం. దానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. 2017 చివరి నుంచి కొత్తగా వేసే విండోస్ 10 లో ఎస్ఎంబీ1 ను మూసేసే ఇస్తున్నారు.

ఈ సంగతి ఎందుకు ఎత్తామంటే, మా ఆఫీసు మూలన ఉన్న పాత జిరాక్స్ మిషన్ స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లోకి పంపగలదు గానీ, దానికి ఎస్ఎంబీ1 ఒక్కటే వచ్చు. "అది ఆన్ చేసేస్తే అయిపోతుంది, రెండు నిమిషాల పని" అని ఈ మధ్య దాన్ని బాగుచేయడానికి వచ్చినాయన కూడా అన్నారు. వద్దన్నాం. స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ముందు గది నుంచి లోపలి గదికి నడిచి తీసుకువెళ్తున్నాం. ఈ రంజాన్‌కు రసీదుల లెక్కను కూడా రెండు ఫైళ్ళుగా, ఒక్కో బల్లకు ఒకటిగా విడగొట్టాం. రాత్రి లోపలి గదిలో రెండూ కలుపుతాం. పెద్దాయన ఈసారి వచ్చినప్పుడు గడియారం చూసుకోవచ్చు.